రేనాక్స్ 150, 250: గడ్డిపూలకూ పురుగులకూ ముందు ఏది కొనాలి?

కెమెరాతో కలిపి వచ్చే టెలి జూమ్ (దూరపువాటిని దగ్గరగా చూపే లెన్స్) ఉన్నవాళ్ళకు మాక్రో మోజు, అంటే చిన్నవాటిని పెద్దగా తీయాలనే మోజు పుట్టగానే నలుగురూ చెప్పే మాట ఒకటే: "రేనాక్స్ 250 కొనెయ్, చాలు." సలహా తప్పు కాదు గానీ వరస తప్పు. వానాకాలంలో గడ్డిపూలు, వాటి మీద వాలే పురుగులు తీద్దామని పొలం గట్టుకో, చెరువు కట్టకో, అనంతగిరి లాంటి గుట్టలకో వెళ్ళేవాళ్ళకు ముందు కావలసింది 150. 250 గొప్ప లెన్సే. కానీ మొదటి రోజే దాన్ని తగిలించుకుని వెళితే సాయంత్రానికి మూడు వందల ఫొటోలు, అందులో పనికొచ్చేవి నాలుగు. తప్పు చేతిదనుకుని చాలామంది దాన్ని డబ్బాలో పెట్టేస్తారు. తప్పు చేతిది కాదు, లెక్కది. ఆ లెక్కేమిటో చూద్దాం.

ఇవి జపాన్ బ్రాండ్ రేనాక్స్ క్లోజప్ లెన్సులు. పూర్తి పేర్లు డీసీఆర్-150, డీసీఆర్-250. కెమెరా లెన్స్ ముందు భూతద్దంలా తగిలించుకునేవి. అయితే బజారులో నాలుగు కలిపి అమ్మే +1, +2, +4, +10 ఫిల్టర్ల సెట్టు లాంటివి కావు. ఆ సెట్టులో ఒక్కోటీ ఒంటి గాజు. దానితో తీస్తే ఆకు అంచున ఊదారంగు గీత పడుతుంది, ఫ్రేము మూలలు పాలు కలిసినట్టు చెదిరిపోతాయి. రేనాక్సులో మూడు గాజులు రెండు గుంపులుగా ఉంటాయి. రంగుల చెదురు సరిదిద్దేది ఆ అమరికే. 150 బలం 4.8 డయాప్టర్లు (కళ్ళద్దాల పవర్ కొలిచే కొలతే), నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 208 మి.మీ. 250 బలం 8 డయాప్టర్లు, నాభ్యంతరం 125 మి.మీ. పేర్లలోని 150, 250 అంకెలకూ ఈ కొలతలకూ సంబంధం వెతక్కండి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన లెక్క ఒకటే. కెమెరా లెన్సును అనంతం దగ్గర ఫోకస్ చేసి ఉంచితే, జూమ్ ఎంత మి.మీ. దగ్గర ఉందో దాన్ని రేనాక్స్ నాభ్యంతరంతో భాగించాలి. వచ్చేదే పెద్దదయ్యే వంతు, అంటే కెమెరా లోపలి సెన్సర్ మీద పడే బొమ్మ అసలు వస్తువుకు ఎన్ని రెట్లో ఆ అంకె. 250 మి.మీ. జూమ్ మీద రేనాక్స్ 250 పెడితే 250ని 125తో భాగించి రెండు రెట్లు. అదే జూమ్ మీద రేనాక్స్ 150 పెడితే 1.2 రెట్లు. లెన్స్ దగ్గరి ఫోకస్‌కు తిప్పితే ఇంకాస్త పెరుగుతుంది. మొదట్లో దాని జోలికి వెళ్ళకండి.

రెండు రెట్లు అంటే గొప్పగా వినిపిస్తుంది. ఫ్రేములో అది ఎంతో చూడండి. కెనాన్ మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ రకం సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ. రెండు రెట్ల దగ్గర ఫ్రేములో పట్టేది 11 మి.మీ. వెడల్పు, ఏడున్నర మి.మీ. ఎత్తు. సోనామసూరి బియ్యపు గింజలు రెండు చివరా చివరా ఆనించి పెడితే ఫ్రేము నిండిపోతుంది. అంత చిన్న కిటికీలోంచి, గాలికి ఊగే గడ్డిపరక మీది పురుగును చేతులతో వెతికి పట్టుకోవాలి. 150తో అదే జూమ్ చివర 18.5 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. ఎత్తు పడుతుంది. రూపాయి బిళ్ళ ఇందులోనూ పూర్తిగా పట్టదు. అయినా గడ్డిపూల మీద వాలేవాటిలో ఎక్కువ భాగం ఈ కొలతలో ఇముడుతాయి.

ఫోకస్ లోతు లెక్క ఇంకా కఠినం. ఎఫ్/11 అపర్చర్ (లెన్స్ లోపలి కంత కొలత, అంకె పెరిగితే కంత చిన్నదవుతుంది) దగ్గర 250 ఇచ్చే రెండు రెట్లలో స్పష్టంగా వచ్చే మందం సుమారు 0.1 మి.మీ., అంటే జిరాక్స్ కాగితం ఒక్కటి. 150 ఇచ్చే 1.2 రెట్లలో 0.3 మి.మీ.కు కాస్త తక్కువ, అంటే దాదాపు మూడు కాగితాలు. నవ్వులాటగా ఉంటుంది గానీ, ఒక కాగితానికీ మూడు కాగితాలకీ మధ్య తేడా ఏమిటో ఈగ కన్ను, మీసం రెండూ కలిసి ఫోకస్‌లోకి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇంకోటి దూరం. 150తో ముందు గాజు నుంచి పురుగు దాకా సుమారు 20 సెం.మీ., మన భాషలో జానెడు. 250తో పదకొండు పన్నెండు సెం.మీ., అర జానెడు. పేరున్న 100 మి.మీ. మాక్రో లెన్సుల్లోనూ 1:1 (ఒక రెట్టు) దగ్గర ముందు గాజు నుంచి దక్కేది సుమారు 14, 15 సెం.మీ. మాత్రమే. అంటే పెద్దదయ్యే వంతు అంతే ఉన్నా, కొంచెం దూరం నుంచి తీసే వీలు ఈ చవక 150 ఎక్కువిస్తోంది. తూనీగలకు, పూల దగ్గర గాలిలో నిలిచి ఎగిరే ఈగలకు ఆ ఐదారు సెంటీమీటర్లే అవి ఉండడానికీ ఎగిరిపోవడానికీ మధ్య తేడా.

మన పూల మీద పెట్టి చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. విష్ణుక్రాంతి పువ్వు చిటికెన వేలి గోరంత ఉంటుంది. 250తో జూమ్ చివర పెడితే ఆ నీలం ఫ్రేము నిండా పరుచుకుంటుంది. మధ్యలో తెల్లటి కేసరాలు, రేకుల మీది ముడత గీతలు, పుప్పొడి గింజలు అంటుకున్న చోటు, అన్నీ కనిపిస్తాయి. ఇలాంటి వాటికి 250ని మించింది లేదు. అయితే పువ్వును పైనుంచి, రేకుల తలం కెమెరాకు సమాంతరంగా ఉండేలా తీయాలి. కాస్త పక్కకు వంచారా, ముందు రేకు ఒక్కటే స్పష్టంగా వచ్చి మిగతాదంతా నీలి మబ్బు. ఇంకో సంగతి, ఈ పువ్వు పొద్దున విచ్చుకుని ఎండ ముదిరాక ముడుచుకుంటుంది. ఆలస్యంగా వెళితే మొక్క దొరుకుతుంది, పువ్వు దొరకదు.

గడ్డిచామంతి తల ఒకటిన్నర సెం.మీ. ఉంటుంది. 250తో ఇది పట్టదు, మధ్యలోని పసుపు బొట్టు మాత్రమే వస్తుంది. 150తో జూమ్ 200 దగ్గర పెడితే పువ్వంతా పట్టి, దాని మీద వాలిన ఈగకూ చోటుంటుంది. తుమ్మి పూల గుత్తీ అంతే, చీమతో సహా కావాలంటే 150. గ్రాస్ జ్యువెల్ అనే చిన్న సీతాకోకచిలుక మన దేశంలోని అతి చిన్నవాటిలో ఒకటి. రెక్కలు ముడుచుకుని కూర్చున్నప్పుడు 150 ఫ్రేములో సరిగ్గా కుదురుతుంది. 250తో దాని రెక్క మీది నారింజ చుక్కలూ నల్ల చుక్కలూ తప్ప ముఖం రాదు.

ఆరుద్ర కార్తెలో తొలి వానలకు నేల మీదికొచ్చే ఆరుద్ర పురుగుల సంగతి వేరే చెప్పాలి. సెంటీమీటరు దాకా పెరిగే ఈ మఖమల్ పురుగు 250తో రెండు రెట్ల దగ్గర ఫ్రేము మొత్తం ఆక్రమించి కాళ్ళు తెగిపోతుంది. 150 వాడండి, లేదా 250 ఉంటే జూమ్ 135కు తగ్గించండి. అప్పుడు 1.1 రెట్ల దాకా వస్తుంది. కానీ దీన్ని పాడుచేసేది లెన్స్ కాదు, రంగు. ఆ ఎరుపు ఎంత గాఢంగా ఉంటుందంటే కెమెరా ఎరుపు చానల్ హద్దు దాటి వివరాలు పోతాయి. వెనక తెరలో మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎక్కడెంత ఉందో చూపే పటం) బాగానే కనిపిస్తుంది, ఇంటికొచ్చి చూస్తే మఖమల్ నూగు పోయి ఎర్రటి ప్లాస్టిక్ ముద్ద మిగులుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు గీత కుడి గోడకు తగలకుండా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా (అంటే వెలుగు సగానికి) తగ్గించండి, రా ఫార్మాట్‌లో తీయండి. పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌లో ఉంటే హిస్టోగ్రామ్ కొంచెం నిజం చెబుతుంది. తెల్లటి తుమ్మి పువ్వుకు కూడా ఇదే జాగ్రత్త, అక్కడ మూడు చానళ్ళూ ఒక్కసారే పోతాయి.

250 నిజంగా తన సత్తా చూపేది గెంతే సాలీడు దగ్గర. ఐదారు మి.మీ. ఉండే ఈ జీవి ముందున్న రెండు పెద్ద కళ్ళతో లెన్స్ వంకే తిరిగి చూస్తుంది, పారిపోదు. అర జానెడు దూరం దానికి సమ్మతమే. అలాగే బెండ, చిక్కుడు ఆకుల కింది పేనుబంక, వాటిని తినే అక్షింతల పురుగు, పత్తి కొమ్మ మీది పిండినల్లి. ఇవన్నీ నెమ్మది జీవులు, 250 సరుకు. పెరట్లోనే దొరుకుతాయి కాబట్టి 250ని అలవాటు చేసుకోవడానికీ పెరడే మంచి చోటు.

పెద్ద సీతాకోకచిలుకలకు రెండూ వద్దు. జిల్లేడు చుట్టూ తిరిగే ప్లెయిన్ టైగర్ రెక్కలు విప్పితే ఏడెనిమిది సెం.మీ. ఉంటుంది. కెనాన్ 55-250 ఎస్‌టీఎమ్ లెన్స్ ఒట్టిగానే 0.85 మీటర్ల దాకా దగ్గరికి ఫోకస్ చేసి 0.29 రెట్లు ఇస్తుంది, ఫ్రేములో ఏడున్నర సెం.మీ.కు పైగా పడుతుంది. రేనాక్స్ తీసేసి జేబులో పెట్టుకుని తీయడమే. అది తగిలి ఉన్నంతసేపూ దూరపువి ఏవీ ఫోకస్ కావు, ఇది గుర్తుండాలి. నెమలి కనిపించిందని కెమెరా ఎత్తితే ఆకుపచ్చ పొగ తప్ప ఏమీ కనిపించదు.

తగిలించే పద్ధతి ఈ రేనాక్సుల్లో సగం సుఖం, సగం తలనొప్పి. డబ్బాలో లెన్సుతో పాటు యూఏసీ2000 అనే ప్లాస్టిక్ అడాప్టర్ వస్తుంది. లెన్స్ మూత లాగే రెండు పక్కలా నొక్కి, ఫిల్టర్ మరల్లో పట్టుకునేలా వదలాలి. 52 నుంచి 67 మి.మీ. దాకా ఫిల్టర్ సైజున్న లెన్సులకు సరిపోతుంది. పెట్టడం, తీయడం రెండు క్షణాల పని. ఊడిపోవడం కూడా అంతే. గడ్డిలో మోకాళ్ళ మీద పాకేటప్పుడు కొమ్మ తగిలితే చటుక్కున జారుతుంది. యూవీ ఫిల్టర్ మీద తగిలించడం అసలు వద్దు. పలుచటి ఫిల్టర్ల ముందు మరలు లోతు తక్కువ, ప్లాస్టిక్ పళ్ళకు పట్టు చాలదు. పైగా మధ్యలో అదనంగా రెండు గాజు ముఖాలు చేరతాయి.

బండి మీద చాలాదూరం వెళ్ళేవాళ్ళు, రోజంతా మాక్రో తప్ప వేరే తీయనివాళ్ళు స్టెప్ డౌన్ రింగ్ (పెద్ద మరకు చిన్న మరను కలిపే లోహపు రింగు) తీసుకోవడం మేలు. రేనాక్స్ వెనక మర 43 మి.మీ. మీ లెన్స్ 58 అయితే 58-43 రింగ్ కావాలి. ఒకటిగా దొరక్కపోతే 58-52, 52-43 కలిపి వాడొచ్చు. లోహపు రింగుతో బిగిస్తే ఎక్కడా కదలదు. సోనీ 55-210 లాంటి 49 మి.మీ. ఫిల్టర్ లెన్సులకు అడాప్టర్ అసలు పట్టదు, వాళ్ళకు 49-43 రింగే గతి. రేనాక్స్ ముందు మర కూడా 49 మి.మీ. దానికో 49 మూత కొనిపెట్టుకోండి, డబ్బాలో వచ్చే మూత పొలంలో ఎక్కువ రోజులు బతకదు.

జూమ్ కింది వైపు కూడా ఒక హద్దుంది. రేనాక్స్ గాజు చిన్నది కాబట్టి ఏపీఎస్-సీలో సుమారు 100 మి.మీ. కంటే తక్కువకు వస్తే మూలలు నల్లబడతాయి. 18-55 లెన్స్ మీద పెట్టి "గుండ్రంగా వస్తోంది, పీసు పాడైంది" అని వెనక్కి పంపేవాళ్ళు ఉన్నారు. పీసు బాగానే ఉంది. ఈ లెన్స్ టెలి జూముల కోసం పుట్టింది. 55-250, 70-300, 55-200 ఉన్నవాళ్ళే కొనాలి.

ఫోకస్ చేసే పద్ధతి మామూలు ఫొటోగ్రఫీకి తలకిందులు. ఆటోఫోకస్ ఆపేయండి. మోటారు ముందుకూ వెనక్కీ వెతుకుతూనే ఉంటుంది, ఈలోగా పురుగు పోతుంది. పైగా పాత రకం జూముల్లో ముందు గొట్టం కూడా తిరుగుతుంది కాబట్టి ఆ బరువంతా మోటారు మీదే. ఫోకస్ రింగును అనంతం దగ్గర వదిలేసి కెమెరానే ముందుకూ వెనక్కీ ఊపాలి. మొదట జూమ్ 100 దగ్గర పెట్టి పురుగును పట్టుకోండి, తర్వాత 250కి తిప్పండి. తిప్పినప్పుడు జూమ్ గొట్టం ముందుకు పొడుచుకొస్తుంది, అంతమేర వెనక్కి జరగాలి. ఈ చిన్న సంగతి తెలియకే చాలామంది జూమ్ చేస్తూ చేస్తూ లెన్సుతో పువ్వును పొడుస్తారు.

ఎడమచేతి కిటుకు ఒకటి నేర్చుకుంటే ట్రైపాడ్ అక్కర్లేదు. గడ్డిపరకను, లేదా పూల కాడను ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య మెత్తగా పట్టుకోవాలి. అదే చేతి మిగతా వేళ్ళ మీద లెన్స్ గొట్టాన్ని ఆనించాలి. అప్పుడు గాలికి ఊగినా పువ్వూ కెమెరా కలిసే ఊగుతాయి. ఇది 250తో బాగా కుదురుతుంది, ఎందుకంటే అర జానెడు దూరం చేతికి అందుతుంది. 150తో జానెడు చాపాలి, చిన్న చేతులున్నవాళ్ళకు కొంచెం కష్టం. ఆనించేది గొట్టాన్నే, రేనాక్స్ అడాప్టర్‌ను కాదు. దాని మీద బరువు పడితే ఊడొస్తుంది.

కెమెరాలోని స్టెబిలైజేషన్ (చేతి వణుకును తగ్గించే ఏర్పాటు) మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ దగ్గరలో వణుకు కంటే ముందూవెనక ఊగడమే ఎక్కువ పాడుచేస్తుంది, దాన్ని ఏ స్టెబిలైజరూ ఆపలేదు. బర్స్ట్ (ఆగకుండా వరసగా తీసే మోడ్) పెట్టి, ఊపిరి వదులుతూ నెమ్మదిగా ముందుకు వంగుతూ పది తీయండి. అందులో ఒకదానిలో కన్ను పడుతుంది.

ఇప్పుడు అపర్చర్. మాక్రో లెన్స్ వాడినవాళ్ళు రేనాక్సుకు మారితే ఇక్కడే తికమక పడతారు. మాక్రో లెన్స్ 1:1కు వెళ్ళేసరికి అసలు అపర్చర్ మారిపోతుంది, ఎఫ్/11 పెడితే నిజానికి ఎఫ్/22 దగ్గర పనిచేస్తుంది. అందుకే ఎఫ్/11 దాటితే మెత్తబడుతుందని అంటారు. రేనాక్సులో లెన్స్ అనంతం దగ్గరే ఉంది కాబట్టి ఎఫ్/11 అంటే ఎఫ్/11నే. కాంతి తగ్గదు, డిఫ్రాక్షన్ (కంత చిన్నదైనకొద్దీ ఫొటో మెత్తబడడం) పెరగదు. లోతు మాత్రం అందుకు తగ్గట్టే తక్కువ. కాబట్టి ఇక్కడ ఎఫ్/16 పెట్టడానికి భయపడక్కర్లేదు. ఎఫ్/5.6 దగ్గర మాత్రం అంచులు మెరుస్తాయి, తెల్లటి వెంట్రుకల చుట్టూ ఊదారంగు కనిపిస్తుంది. ఎఫ్/8 నుంచి ఆ బాధ తగ్గుతుంది.

ఎఫ్/11, ఎఫ్/16 అంటే ఫ్లాష్ తప్పదు. కెమెరా మీదికి లేచే చిన్న ఫ్లాష్ పనికిరాదు. పొడుగ్గా సాగిన 55-250 గొట్టం నీడ సరిగ్గా పురుగు మీదే పడుతుంది. పైన తగిలించే మామూలు ఫ్లాష్‌ను మాన్యువల్‌లో (పవర్ మనమే పెట్టుకునేలా) వాడితే చాలు, గొడాక్స్ టీటీ350 అయినా టీటీ600 అయినా. పవర్ 1/16తో మొదలుపెట్టి, చాలకపోతే 1/8. ఐఎస్‌ఓ 200, షట్టర్ 1/160 లేదా 1/200. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగే కాలం చాలా చిన్నది కాబట్టి కదలికను ఆపేది షట్టర్ కాదు, అదే.

ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే డిఫ్యూజర్ కొనకండి, చేసుకోండి. టీవీ, ఫ్రిజ్ డబ్బాల్లో చుట్టి వచ్చే తెల్లటి పలుచని ఫోమ్ షీటు తీసుకుని, ఏ4 కాగితం సైజులో రెండు పొరలు కత్తిరించి, ఫ్లాష్ తల నుంచి లెన్స్ మీదుగా పందిరిలా వంచి వెల్క్రోతో అంటించండి. ముందు అంచు రేనాక్స్ దాటి ఆరేడు సెం.మీ. పొడుచుకు రావాలి. ఫ్లాష్ తల 24 మి.మీ. జూమ్‌లో పెడితే ఫోమ్ అంతటా సమంగా వెలుగుతుంది. ఈ విషయంలో మాత్రం 250దే పైచేయి. డిఫ్యూజర్ పురుగుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి వెలుతురు మెత్తగా పడుతుంది. 150తో జానెడు దూరం నుంచి అదే ఫోమ్ చిన్నదైపోయి నీడలు గట్టిపడతాయి. కాబట్టి 150కి ఫోమ్ ఇంకో నాలుగు వేళ్ళు పొడుగు కత్తిరించుకోండి. అక్షింతల పురుగు వీపు అద్దంలా ఉంటుంది, మీ డిఫ్యూజర్ ఆకారం దాని మీద అచ్చు పడుతుంది. ఫోమ్‌కు ముడతలుంటే అవీ పడతాయి.

ఫ్లాష్‌తో తీసిన పూల ఫొటోల్లో వెనక నల్లగా రావడం చాలామందికి విసుగు. పగలు తీసినా అర్ధరాత్రి తీసినట్టు ఉంటుంది. కారణం, ఫ్లాష్ వెలుగు వెనకదాకా చేరదు, ఎఫ్/11 దగ్గర ఎండ వెలుగు చాలదు. ఐఎస్‌ఓ 800కు పెంచి, షట్టర్ 1/80కి దించి, ఫ్లాష్ పవర్ తగ్గించండి. లేదా పువ్వు వెనక బెత్తెడు దూరంలో ఏదో ఒక ఆకు వచ్చేలా కోణం మార్చండి. అదీ కాకపోతే పొద్దున ఏడింటికి ముందు, మబ్బు వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఎఫ్/8, ఐఎస్‌ఓ 800తో తీయండి. పూలకు ఇదే అందం. ఫ్లాష్ పురుగులకు ఉంచుకోవచ్చు.

వేళ గురించి ఒక్క మాట. పురుగులది చల్లటి రక్తం, ఎండెక్కేదాకా కదలవు. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా మంచు బొట్లతో తడిసి గడ్డి మీద నిలబడ్డ తూనీగ దగ్గరికి 250తో కూడా వెళ్ళొచ్చు. పది తర్వాత 150తో కూడా కష్టమే. సాయంత్రం చీకటి పడే ముందు నీలి చారల తేనెటీగలు ఎండుపుల్లలను దవడలతో కరిచిపట్టుకుని వరసగా నిద్రపోతాయి. 150తో రెండు మూడు కలిపి ఒక ఫ్రేములో తీయడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి తీయమనే సలహాలు వినిపిస్తుంటాయి. అలా తీసిన ఫొటోలో కాళ్ళు ముడుచుకున్న తీరే దొంగతనం పట్టించేస్తుంది, పురుగు పాపం వేరే.

బ్రిడ్జ్ కెమెరా (లెన్స్ మార్చలేని, పెద్ద జూమ్ ఉన్న కెమెరా) ఉన్నవాళ్ళకు లెక్క మారుతుంది. పానాసోనిక్ ఎఫ్‌జెడ్300 లాంటి వాటి అసలు నాభ్యంతరం చివర 108 మి.మీ. మాత్రమే, కానీ సెన్సర్ వెడల్పు 6.2 మి.మీ. 150 పెడితే ఫ్రేములో 12 మి.మీ. పడుతుంది, 250 పెడితే ఏడు మి.మీ. అంటే 150తోనే డీఎస్‌ఎల్‌ఆర్ మీది 250 అంత దగ్గరితనం వచ్చేస్తోంది. వీళ్ళకు 250 అవసరమే లేదు. అపర్చర్ ఎఫ్/4 దగ్గర ఉంచండి. ఆ చిన్న సెన్సర్‌లో ఎఫ్/8 పెడితే డిఫ్రాక్షన్ తినేస్తుంది.

పోటీదారుల్లో ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టే బోలు గొట్టాలు) ఈ పనికి రావు. 36 మి.మీ. ట్యూబు 250 మి.మీ. లెన్సుకు కలిపేది ఒక రెట్టులో ఏడో వంతు మాత్రమే. అదే 50 మి.మీ. లెన్సుకైతే 0.7 రెట్లు ఇస్తుంది, కానీ పువ్వుకు చాలా దగ్గరికి వెళ్ళాలి. రివర్స్ రింగ్ (లెన్సును వెనకది ముందుకు తిప్పి తగిలించేది) చాలా చవక, పెద్దదయ్యే వంతు బోలెడు, కానీ అపర్చర్ మీ చేతిలో ఉండదు, మంచు పడే పొద్దున లెన్స్ వెనక గాజు ఆరుబయట పెట్టుకుని తిరగాలి. డబ్బున్నవాళ్ళు 90 లేదా 100 మి.మీ. మాక్రో లెన్స్ కొనుక్కోవచ్చు, ఆటోఫోకస్ ఉంటుంది, దూరపువి కూడా తీయొచ్చు. ఆ ధరలో చిన్న ముక్కకే రేనాక్స్ వస్తుంది. దిగుమతి సరుకు కాబట్టి ధర నెలనెలా ఊగుతుంది, రెండు మూడు చోట్ల చూసి కొనండి. బిల్లు, వారంటీ కార్డు ఉన్న దుకాణంలోనే తీసుకోండి.

రెండు రేనాక్సులూ ఒకదానిమీద ఒకటి పెట్టొచ్చా అని అడుగుతారు. 150 ముందు మర 49, 250 వెనక మర 43 కాబట్టి 49-43 రింగు పెడితే కూర్చుంటుంది. డయాప్టర్లు కలిపితే 12.8, నాభ్యంతరం సుమారు 78 మి.మీ.కు పడిపోతుంది, అంటే మూడు రెట్లు పైనే. చీమ ముఖం వస్తుంది. కానీ ఫోకస్ లోతు జిరాక్స్ కాగితం కంటే పలుచన. చేతులతో కాదు, ఫోకసింగ్ రైల్ (కెమెరాను కొంచెం కొంచెంగా జరిపే పట్టా) మీద పెట్టి, పదుల సంఖ్యలో ఫ్రేములు తీసి, హెలికాన్ ఫోకస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తేనే పని. పొలంలో చేసే పని కాదు, బల్ల మీద చేసేది.

పొలంలో పాటించవలసినవి ఇంకొన్ని. కెమెరా కంటికి ఆనించుకుని గడ్డిలో పాకేటప్పుడు చుట్టూ కనిపించదు. మోచేతులు పెట్టే ముందు చోటు చూసుకోండి, రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోతుంది. మోకాళ్ళ కింద గోనెసంచి, కాళ్ళకు గమ్‌బూట్లు. పల్లేరు కాయలు, తీగ మీద పాకిన దురదగొండి ఉన్న చోట ఎడమచేతి కిటుకు కట్టిపెట్టండి. పూల దగ్గర పుప్పొడి రేనాక్స్ గాజు మీద రాలుతుంది. గుడ్డతో తుడిస్తే నూనె మరకలా పరుచుకుంటుంది, ముందు బ్లోయర్‌తో ఊదాలి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో ఉండేవాళ్ళు గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోకపోతే రెండు వానాకాలాల్లో బూజు గీతలు వస్తాయి.

పాత పీసు కొనేటప్పుడు చూడవలసినవి మూడు. సెల్‌ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ఏటవాలుగా చూడండి, సాలెగూడు లాంటి గీతలుంటే బూజు, అంచున సబ్బు నీటి రంగులు కనిపిస్తే అతికించిన గాజులు విడుతున్నాయని అర్థం, రెంటికీ దండం పెట్టి లేచి రండి. అడాప్టర్ పళ్ళు రెండు పక్కలా సమంగా లేచి పడుతున్నాయా, స్ప్రింగ్ వదులైందా నొక్కి చూడండి. అడాప్టర్ విరిగిందని చెప్పి చవగ్గా అమ్ముతుంటే మాత్రం వదలకండి. 43 రింగు ఉన్నవాళ్ళకు ఆ అడాప్టర్‌తో పనే లేదు.